ఈగ గాలం: ఎండిన చెరువులో తొలి పాఠం



వేసవి సెలవులు మొదలయ్యాయంటే కుర్రవాళ్ల చేతికి గాలం వస్తుంది. చెరువులో నీళ్లు మిగిలిన ఏడాది బద్వేలు చుట్టుపక్కల ఏ కట్ట ఎక్కి చూసినా ముగ్గురో నలుగురో కనబడతారు. చేతిలో వెదురు కర్ర, దానికి నైలాన్ దారం, దారానికి బెండు, చివర వానపామును గుచ్చిన గాలం. ఎవరు నేర్పారురా అని అడిగితే ఎవరూ నేర్పలేదనే చెబుతారు. ఒకరిని చూసి ఒకరు పట్టుకున్న విద్య అది. మంచి అలవాట్లతోపాటు చెడ్డవీ అలాగే అంటుకుంటాయి. మీ ఇంట్లో గానీ, మీ విచారణ యువజన సంఘంలో గానీ పదేళ్లు దాటిన పిల్లలుంటే ఈ సెలవుల్లో వారికి గాలం సరిగా నేర్పండి. మీకే రాదంటారా, వారితో కలిసి నేర్చుకోండి.

ఈ వారం మనం మాట్లాడుకునేది బెండు గాలం గురించి కాదు, ఈగ గాలం గురించి. ఇంగ్లీషువారు ఫ్లై ఫిషింగ్ అనేది దీనినే. ఎరగా వానపాము ఉండదు, పిండి ముద్ద ఉండదు. నీటి మీద వాలిన పురుగులా కనబడేట్టు ఈకలతో, దారంతో గాలానికి వేషం కడతారు. చేప దాన్ని పురుగనుకుని పైకి వచ్చి అందుకుంటుంది. చల్లని కొండవాగుల్లో ట్రౌట్ అనే చేప కోసం పెరిగిన ఆట ఇది. మన దేశంలో కాశ్మీరు, హిమాచల్ వాగుల్లోనూ, దక్షిణాన నీలగిరుల్లో, మున్నారు కొండల్లోనూ ఆ చేప ఉంది. సగిలేటి వెచ్చని నీళ్లలో అది బ్రతకదు. మరి బద్వేలులో ఈ పాఠం ఎందుకు? రెండు కారణాలు. ఈ ఆటలో చేప ఏం తింటున్నదో కళ్లతో చూసి తెలుసుకున్న తర్వాతే గాలం వేయాలి. ఆ చూపు ఏ నీటిలోనైనా పనికొస్తుంది. రెండోది, ఈ విద్యలో సగం నీళ్లు లేకుండానే నేర్చుకోవచ్చు. నీళ్లు లేని చెరువులకు మనకు కొరత లేదు కదా!

ముందు ఒక సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి. బెండు గాలంలో బరువు చివరన ఉంటుంది. విసరగానే సీసపు గుండు ముందుకు పోతూ దారాన్ని లాక్కుపోతుంది. ఈగ గాలంలో చివరనున్న ఈకకు బరువే లేదు. రాయిని విసరగలం గానీ ఈకను విసరలేం. అందుచేత ఇక్కడ విసిరేది దారాన్ని. దారమే ఈకను మోసుకుపోతుంది. దారం కర్రకు దగ్గర లావుగా, పోనుపోను సన్నగా ఉండాలి. ఎద్దుల బండి తోలేవారి చెర్నాకోలను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

ఇది ఖరీదైన దొరల ఆట అని కొందరికి అపోహ. దుకాణాల్లో అమ్మే చక్రాల కర్రలు చూస్తే అలాగే అనిపిస్తుంది. అయితే సుమారు 1800 సంవత్సరాల క్రితం ఈలియన్ అనే రోమను రచయిత రాసిపెట్టిన వివరం చూడండి. మాసిడోనియా దేశంలో బెరయకు, తెస్సలోనికకు మధ్య పారే ఒక నదిలో జాలరులు మచ్చల చేపలను పట్టేవారట. పౌలుగారి ప్రయాణాలు చదివిన మీకు ఆ ఊళ్ల పేర్లు కొత్త కావు. ఆ చేపలు నీటి మీద వాలే ఒక జాతి ఈగను తింటాయి. కానీ ఆ ఈగను మనిషి చెయ్యి తాకితే రంగు పోయి వాడిపోతుంది, గాలానికి పనికిరాదు. అందుకని జాలరులు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ కింది ఈకలు రెండు కట్టేవారు. వారి కర్ర పొడవు ఆరడుగులు, దారమూ ఆరడుగులే. చక్రం లేదు, ఖరీదు లేదు. జపాను కొండవాగుల్లో టెంకారా అనే పేరుతో ఈనాటికీ నిలిచి ఉన్న పద్ధతి కూడా ఇలాంటిదే: ఒక కర్ర, దాని కొసకు కట్టిన దారం, ఒక ఈక. మన పిల్లలకు సరిపోయేది ఇదే.

ఆడపిల్లలను ఈ పాఠానికి పిలవడం మరచిపోకండి. ఇంగ్లీషులో గాలం వేట మీద అచ్చయిన తొలి పుస్తకం 1496లో వచ్చింది. అది సోప్‌వెల్ కన్యామఠానికి అధిపతిగా ఉన్న జూలియానా బెర్నర్స్ అనే మఠవాసిని రాసినదని చిరకాలంగా చెప్పుకుంటారు. పండితులు కొందరు సందేహిస్తారు గానీ, ఒక మఠకన్యకు అంటగట్టడానికి ఆ కాలంవారికి ఇది తగని పని అనిపించలేదు, అది చాలు. ఏ నెలలో ఏ ఈగ కట్టాలో చెబుతూ అందులో పన్నెండు ఈగల వివరం ఉంది. ఇతరుల కంచెలు విరవవద్దనీ, తెరిచిన వాకిళ్లు మూసి వెళ్లమనీ, ఆశపడి మితిమీరి చేపలు పట్టవద్దనీ కూడా ఉంది.

ఇక పనిలోకి దిగుదాం. ఎనిమిది అడుగుల వెదురు తీసుకోండి. మొదలు పిడికిట్లో ఇమిడేట్టు, కొస వంచితే వంగేట్టు ఉండాలి. సన్నని నైలాన్ దారాన్ని నాలుగు పోగులు కలిపి పేని మూడడుగులు, మూడు పోగులతో రెండడుగులు, రెండు పోగులతో రెండడుగులు చేయండి. వాటిని వరుసగా ముడివేసి చివర ఒంటి దారం మూడడుగులు కట్టండి. మొత్తం పది అడుగులు, కర్రకంటే కొంచెం పొడవు. లావు వైపును కర్ర కొసకు గట్టిగా కట్టండి. కొత్తవారు గాలం కట్టకూడదు. గాలానికి బదులు చిటికెడు ఎర్ర ఉన్ని ముడివేయండి.

ఎండిన చెరువు నడుమ, చెట్టూ పుట్టా లేని చోట నిలబడండి. కరెంటు తీగల కింద వద్దు. పొలం మోటార్లకు వెళ్లే తీగలు చెరువు అంచుల్లో తక్కువ ఎత్తులోనే వేలాడుతుంటాయి. కర్ర పైకెత్తే ఆట కాబట్టి ఇది మొట్టమొదటి జాగ్రత్త. ఐదు గజాల దూరంలో ఒక చాట పెట్టండి. అదే మీ చేప.

మీ పక్కన పెద్ద గడియారం నిలబెట్టి ఉందనుకోండి. మీ తలకు పైన 12, మీ ఎదుట 9. మోచేయి ఒంటికి దగ్గరగా, బొటనవేలు కర్ర మీద. కర్రను 9 నుంచి నిదానంగా మొదలుపెట్టి, వేగం పెంచుతూ 12 దాటగానే ఠక్కున ఆపండి. దారం మీ తల మీదుగా వెనక్కి పోతుంది. ఇప్పుడు ఆగండి. వెనక దారం చాచుకుని నిలిచేదాకా ఆగండి. తర్వాత కర్రను ముందుకు తెచ్చి 10 దగ్గర మళ్లీ ఠక్కున ఆపండి. దారం ముందుకు విచ్చుకుంటూ పోయి, చివరి ఉన్ని పింజ మెల్లగా చాట మీద వాలుతుంది.

నేర్చుకునేవారు నూటికి తొంభైమంది ఆ నడుమ ఆగడం దగ్గరే తప్పుతారు. దారం ఇంకా వెనక్కి పోతూ ఉండగానే ముందుకు కొడతారు. చెర్నాకోల మోగినట్టు చప్పుడవుతుంది. గాలమే ఉంటే ఆ దెబ్బకు తెగి ఎటో పోయేది. బలం పెంచితే సరిపోతుందని కుర్రవాడు ఇంకా గట్టిగా కొడతాడు, దారం ఇంకా చిక్కుపడుతుంది. మీరు కోప్పడకండి. తల తిప్పి వెనక దారాన్ని చూడమనండి. దారం చాచుకోవడం కంటబడిన మరుక్షణం ముందుకు తెమ్మనండి. పది పన్నెండు సార్లు అలా చూశాక, కళ్లు మూసుకుని వేయమనండి. దారం చాచుకున్నప్పుడు కర్ర కొస వెనక్కి లాగినట్టు చేతికి తెలుస్తుంది. ఆ లాగుడు ఒక్కసారి చేతికి తెలిస్తే ఇక ఎవరూ చెప్పనక్కరలేదు. దూరం వేశాడని మెచ్చుకోకండి, చాట మీద మెత్తగా వాలిందా లేదా చూడండి. రోజుకు అరగంట చొప్పున ఒక వారం చాలు. ఉదయమో సాయంత్రమో పెట్టుకోండి. తలకు టోపీ, కళ్లకు అద్దాలు ఉండాలి. రేపు అదే దారం చివర గాలం ఉంటుంది, అది చెవుల పక్కనుంచే పోతుంది.

ఇక ఈగను కట్టడం. మన ప్రాంతానికి తగిన ఈగ ఏది? తొలకరి వాన వెలిసిన సాయంత్రం పుట్టల్లోంచి లేచే ఉసిళ్లను అందరూ చూసే ఉంటారు. దీపాల చుట్టూ మూగి, రెక్కలు రాల్చి, తెల్లవారేసరికి వాకిలినిండా పడి ఉంటాయి. చెరువు మీద పడినవి అంతసేపు బ్రతకవు. పక్కెలు, చిన్న చిన్న చేపలు పైకి వచ్చి పుటుక్కు పుటుక్కుమని అందుకుంటాయి. నీటి మీద ఎక్కడ చూసినా చినుకు పడ్డట్టు వలయాలే. కొండవాగుల వేటగాళ్లు ఏడాదంతా కాచుకునే ఘడియ ఇదే. మనకు అది ఉసిళ్ల రూపంలో వస్తుంది.

12వ నంబరో 14వ నంబరో గాలం కొనండి. నంబరు పెరిగినకొద్దీ గాలం చిన్నదవుతుంది, అంగట్లో తికమక పడకండి. మొదట గాలం కొనకున్న ఎదురుముల్లును పటకారుతో నొక్కి చదును చేయండి. ముల్లు లేకపోతే చేప జారిపోదా అంటారు. దారం బిగువుగా ఉంచితే జారదు. చేప నోటినుంచీ, పొరపాటున గుచ్చుకుంటే పిల్లవాడి వేలినుంచీ సులువుగా వస్తుంది. గోధుమరంగు కుట్టు దారానికి మైనం రుద్ది గాలం కాడకు చుట్టండి, అది ఉసిలి ఒళ్లు. తెల్లకోడి ఈక కొసలు రెండు వెనక్కి వాలేట్టు కట్టండి, అవి రెక్కలు. పుంజు మెడ ఈకను తల దగ్గర రెండు చుట్లు తిప్పితే కాళ్లలా విచ్చుకుని నీటిమీద తేల్చుతుంది. ముడివేసి, ముడి మీద గోళ్ల రంగు చుక్క పెట్టండి. తొలి ఈగ చూడడానికి అసహ్యంగానే ఉంటుంది. పక్కెకు అంత పట్టింపు లేదు.

నీటి దగ్గరకు వెళ్లే ముందు అడగవలసినవారిని అడగాలి. చెరువు ఎవరిదీ కాదనుకోవడం పొరపాటు. బద్వేలుకు ఉత్తరాన ఉన్న పోరుమామిళ్ల చెరువు సంగతే తీసుకోండి. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దాన్ని కట్టించినట్టు 1369నాటి శాసనం ఉంది. రెండేళ్లపాటు రోజుకు వెయ్యిమంది పనిచేశారనీ, రాళ్లు తోలడానికి వంద బండ్లు నడిచాయనీ అందులో చెక్కారు. మన ప్రాంతపు నీళ్లు ఇలా చేతులతో నిలబెట్టినవి. ఈనాడు కూడా పెద్ద చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానిది, చిన్నవాటిలో పంచాయతీ పాట పాడుకున్నవారిది. బొచ్చె, శీలావతి వంటివి వారు డబ్బు పెట్టి పిల్లలు వదిలి పెంచుకున్నవి. అవి మీ గాలానికి పడితే వదిలేయాలి. పక్కెలకు, జిలేబి చేపలకు మామూలుగా అభ్యంతరం చెప్పరు, అయినా ఒక మాట అడగడం మర్యాద. 1952లో మన దేశానికి తెచ్చిన జిలేబి ఇప్పుడు ప్రతి మడుగులోనూ నిండిపోయింది. కొత్తవారి గాలానికి దానికంటే మంచి చేప లేదు. బ్రహ్మంసాగర్, సోమశిల వంటి జలాశయాల దగ్గర మత్స్యశాఖ నియమాలు వేరు. అక్కడ అనుమతి లేకుండా పిల్లలను తీసుకువెళ్లవద్దు.

అడగడానికి వెళ్లినప్పుడు కాసేపు కూర్చోండి కూడా. మద్రాసు రాజధానిలో ఉద్యోగం చేసిన హెన్రీ సలివన్ థామస్ అనే దొర 1873లో భారతదేశపు గాలం వేట మీద ఒక పుస్తకం, 1887లో చెరువుల్లో గాలం వేయడం మీదనే మరో పుస్తకం ప్రచురించాడు. కడప జిల్లా అప్పుడు ఆ రాజధానిలోనిదే. మంచి పుస్తకాలే. కాని బెస్తలు, యానాదులు పుస్తకం లేకుండానే తరతరాలుగా ఈ నీళ్లను చదువుతున్నారు. ఏ గాలికి చేప ఏ ఒడ్డుకు చేరుతుందో, ఏ నాచు కింద ఏది ఉంటుందో వారిని అడిగి తెలుసుకోవలసిందే. పిల్లలు వారిని గురువులుగా చూడడం నేర్చుకుంటే, ఒక్క చేప పడకపోయినా ఆ సెలవులు వృథా కావని నా అభిప్రాయం.

జాగ్రత్తల్లో ఒకటి మరీ గట్టిగా చెప్పాలి. వేసవిలో ఈతకో చేపలకో వెళ్లి పిల్లలు మునిగిపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. మట్టికోసం యంత్రాలతో తవ్విన గుంతలు చెరువు నిండాక పైకి కనబడవు. మోకాటిలోతు అనుకుని అడుగువేస్తే తల మునుగుతుంది. తూము దగ్గర లోతూ, లాగుడూ రెండూ ఉంటాయి. ఎండినప్పుడు పాఠం అక్కడే చెప్పుకున్నాం కదా, అప్పుడే ఆ గుంతలన్నీ పిల్లలకు చూపించి గుర్తుపెట్టించండి. నీళ్లు వచ్చాక పిల్లలు ఒంటరిగా వెళ్లకూడదు, నీటిలో దిగకూడదు. ఈగ చిక్కుకుంటే దారం తెంపేయాలి. రెండు ఈకల కోసం ఎవరూ నీళ్లలోకి దిగనక్కరలేదు. తెగిన దారం ముక్కలు ఏరి ఇంటికి తేవాలి, కొంగల కాళ్లకు అవి ఉరితాళ్లవుతాయి. కరెంటు పెట్టి, మందు చల్లి చేపలు పట్టేవారితో స్నేహం వద్దని వేరే చెప్పాలా?

ఎన్ని పట్టాలి? సువార్తల్లో గాలం మాట వచ్చేది ఒకేచోట, మత్తయి 17వ అధ్యాయం చివర. దేవాలయపు పన్ను చెల్లించడానికి పేతురును సముద్రానికి పంపుతారు. వలల్లో పుట్టి పెరిగిన మనిషికి గాలం వేయమని ఆజ్ఞ! అదీ తొలుత పడిన చేప కోసం. అవసరమైన నాణెం దానిలోనే దొరికింది. రెండో చేప ప్రసక్తి లేదు. ఇంటికి కావలసినన్ని పట్టి గాలం చుట్టేయండి. విదేశాల్లో కొందరు రోజంతా పట్టడం, వదలడం, మళ్లీ పట్టడం చేస్తారు. చిన్నదాన్ని, గుడ్లతో ఉన్నదాన్ని చేయి తడుపుకుని జాగ్రత్తగా వదలడం మంచిదే. కాని తినే ఉద్దేశమే లేకుండా నోరులేని జీవిని పొద్దుటినుంచి సాయంత్రందాకా గుచ్చి వదలడం నాకు ఆటగా తోచదు. పాఠకుల్లో మరో అభిప్రాయం గలవారు ఉండవచ్చు.

చివరగా కొర్రమీను. పక్కెలతో చేయి తిరిగిన కుర్రవాడు తప్పకుండా దీని గురించి అడుగుతాడు. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకున్నది దీనినే. ధర ఎక్కువ, రుచి ఎక్కువ, బలం ఎక్కువ. నీటిలో ఉండే గాలి దీనికి చాలదు, అప్పుడప్పుడు పైకి వచ్చి నోటితో గాలి పీల్చుకోవాలి. నాచు నడుమ గుబుక్కుమని ఒక వలయం లేస్తే అది పీల్చిన గుర్తు. నీటి మీద కప్ప కదిలితే విల్లులా వచ్చి పడుతుంది. కాబట్టి ఇది కూడా పైనుంచి పట్టే చేపే. లావు దారం, గట్టి కర్ర, రబ్బరు కప్ప కావాలి. బ్రతికిన కప్పను గాలానికి కుట్టడం పాత పద్ధతి. రబ్బరుది దొరుకుతున్నప్పుడు ఆ క్రూరత్వం అనవసరం. పక్కె అందుకోగానే మణికట్టు విదిలించాలి. కొర్రమీను అందుకున్నప్పుడు ఒక్క క్షణం ఆగాలి, అది నోరు మూసి కిందికి తిరగనిచ్చి అప్పుడు లాగాలి.

అయితే వానలు పడ్డాక దీని కథ మారుతుంది. ఒడ్డు పక్కన నాచు తొలగించి, అక్కడ తేలే గుడ్లు పెట్టి, జంట కాపలా కాస్తుంది. గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పగులుతాయి. కొద్దిరోజులకు పిల్లలు ఎర్రగా, వందల కొద్దీ గుంపుగా తిరుగుతాయి. గాలి కోసం గుంపంతా పైకి లేచినప్పుడు ఆ చోట నీరు మరుగుతున్నట్టు కనబడుతుంది. వాటి కిందనే తల్లీతండ్రీ ఉంటాయి. గుంపు దగ్గరకు ఏది వచ్చినా, కప్పగానీ కర్రగానీ, ఆకలి లేకపోయినా మీద పడతాయి. చెరువులో ఇంతకంటే సులువైన వేట లేదు. ఎర్రగుంపు కనబడితే చాలు, దాని మీదుగా రబ్బరు కప్పను రెండుసార్లు లాగితే పెద్దచేప గాలానికి ఉంటుంది. ఆ తర్వాత పిల్లలను పాములు, కొంగలు, తక్కిన చేపలు మిగలనివ్వవు. మృగశిర నాడు చేప తినాలని, ముఖ్యంగా తెలంగాణలో, ఒక ఆచారం ఉంది. సరిగ్గా అప్పుడే కొర్రమీను కాపురం మొదలవుతుంది, చూడండి! ఆ రోజుకు జిలేబి పులుసు పెట్టుకున్నా ఆచారానికి లోటు రాదు.

మీ వెంట వచ్చిన పిల్లలకు ఆ ఎర్రగుంపును తప్పకుండా చూపించండి. కర్రలు కింద పెట్టించి, నీడ నీటి మీద పడకుండా కట్ట మీదే కూర్చోబెట్టండి. కొంచెంసేపటికి గుంపు పైకి లేస్తుంది, దాని వెనకే నల్లని వీపు ఒకటి మెల్లగా తిరుగుతుంది. పిల్లలు వేరుపడేదాకా నెలరోజులు పడుతుంది. అంతవరకూ ఆ మూలకు గాలం తీసుకుపోకండి. అవతలి ఒడ్డున పక్కెలు కావలసినన్ని ఉంటాయి.